అనాథాశ్రమానికి టికెట్

నేపాల్‌లో అనాథాశ్రమాలు ఎక్కడ వెలిశాయో చూస్తే చాలు, అవి ఎవరికోసం నడుస్తున్నాయో తెలిసిపోతుంది. హుమ్లా లాంటి మారుమూల పేద జిల్లాల్లో కాదు, విదేశీ పర్యాటకులు దిగే కాఠ్మాండూ లోయలో, పోఖరాలో, చిత్వన్‌లో అవి గుంపుకట్టాయి. చదివిస్తామంటూ దళారులు కొండపల్లెల పిల్లల్ని తెస్తారు. కన్నవాళ్లు బతికుండగానే కాగితాల మీద అనాథల్ని చేస్తారు. కంబోడియాలోనూ ఇదే తంతు. అక్కడి ఆశ్రమాల్లో ఎక్కువమంది పిల్లలకు తల్లో తండ్రో ఉన్నారని యూనిసెఫ్ ఏనాడో చెప్పింది. డబ్బు కట్టి రెండు వారాలు ‘సేవ’ చేసిపోయే విదేశీయులు వస్తున్నంతకాలం ఆ పిల్లలు ఇళ్లకు చేరరు. చేరితే ఆశ్రమానికి రాబడి పోతుంది మరి!

ఈ యాత్రలను నిషేధించాల్సిందే. అనాథాశ్రమాల్లో స్వల్పకాల సేవకు వెళ్లొద్దని ఆస్ట్రేలియా ప్రభుత్వం 2018లో తన పౌరులకు ప్రచారం చేసింది. మంచిదే, కానీ హితబోధతో ఏ దళారీ దుకాణం కట్టేయడు. శిక్షణ లేనివారిని పిల్లల మధ్యకు పంపే ఏజెన్సీల అనుమతులే రద్దు కావాలి.

విదేశాలకు వెళ్లి సేవ చేయడమే తప్పని మేం అనడం లేదు. 1961లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ ప్రారంభించిన సేవా సంస్థ పీస్ కోర్‌లో ఇప్పుడు వలంటీరు సుమారు మూడు నెలలు తాను వెళ్లిన దేశంలోనే శిక్షణ పొందాలి. స్థానిక కుటుంబంతో ఉంటూ వారి భాష నేర్చుకోవాలి. ఆ తర్వాత రెండేళ్లు పనిచేయాలి. ఆ సంస్థా మచ్చలేనిదేం కాదు. తొలినాళ్లలో చేతిలో ఏ వృత్తీ లేని పట్టభద్రులనే ఎక్కువగా పంపింది. 1966లో ముంబయి శివారు విక్రోలీకి వచ్చిన లిలియన్ కార్టర్ మాత్రం వేరు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి ఆవిడ. 68 ఏళ్ల వయసు, చేతిలో నర్సు పని. దాదాపు రెండేళ్లు రోగుల మధ్యే గడిపారు. పని వచ్చినవాళ్లు, నిలిచి చేసేవాళ్లు వెళ్లాలి. బడి గోడకు సున్నం వేయడానికి విమానమెక్కి రానక్కర్లేదు. ఆ ఊళ్లో మేస్త్రీ ఉంటాడు, ఆ కూలి అతనికి దక్కాలి.

పిల్లల కాలేజీ దరఖాస్తులో ఒక వరుస నిండుతుందని ఇలాంటి ప్యాకేజీలకు డబ్బు కట్టే తల్లిదండ్రులు, తెలుగువారైనా మరొకరైనా, ఆ వ్యాపారానికి పెట్టుబడి పెడుతున్నట్టే. అనాథాశ్రమ యాత్రలకు సర్టిఫికెట్లు, క్రెడిట్లు ఇచ్చే విశ్వవిద్యాలయాలు ఈ విద్యా సంవత్సరం నుంచే వాటిని ఆపాలి.