కిటికీ ఒకటే, రూపాలు అనేకం

ఇంటి ప్లానులో గోడను సూచించే రెండు గీతల నడుమ సన్నని గీతలు మరికొన్ని కనిపిస్తే అది కిటికీ అని అందరికీ తెలుసు. ఆ గీతల వెనుక ఒక కట్టుబాటు ఉంది. నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున ఇంటిని అడ్డంగా కోసి, పైభాగం తొలగించి, మీది నుంచి చూసినట్లు గీసినదే ప్లాను. ఆ కోతకు చిక్కిన కిటికీ కనిపిస్తుంది. అంతకు పైనున్నది, ప్రత్యేకించి గీస్తే తప్ప, కనిపించదు.

ఈ చిన్న నియమం ఎంత చిక్కు తేగలదో బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణాన్ని తలచుకుంటే బోధపడుతుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని జంక్షనుగా తీర్చిదిద్దింది. అదే కంపెనీ రైళ్లు వాల్తేరు దాకా నడిచినందున తెలుగువారికీ ఈ ఊరు పరాయిది కాదు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. మే నెలలో ఇక్కడి ఎండ 45 డిగ్రీలను తాకడం అరుదు కాదు. ఇటువంటి ఎండను తట్టుకోవడానికే నాటి రైల్వే బంగళాలను ఎత్తైన కప్పులతో కట్టి, కప్పు కింద వెంటిలేటర్లు అమర్చేవారు. వేడిగాలి పైకి లేచి వాటి గుండా వెలుపలికి పోతుంది.

అటువంటి ఇంటి మరమ్మతుకు కొత్తగా ప్లాను గీశారనుకుందాం. వెంటిలేటర్లు కోతకు పైన ఉన్నందున కాగితం మీద గోడ మాత్రమే కనిపిస్తుంది. ప్లానును నమ్మిన తాపీమేస్త్రీ ఆ రంధ్రాలను ఇటుకలతో మూసివేస్తే ఇల్లు కొలిమి అవుతుంది.

పూర్వం డ్రాఫ్ట్స్‌మన్ ఇటువంటి చోట తన చేతితో తెగుగీతలు గీసి మేస్త్రీని హెచ్చరించేవాడు. నేడు ఆ పని కంప్యూటరుకు చెప్పి చేయించాలి. ఆటోక్యాడ్ ఆర్కిటెక్చర్ వంటి సాఫ్ట్‌వేరులో కిటికీ అంటే గీతల గుంపు కాదు. తన వెడల్పు, ఎత్తు, గోడలో తన స్థానం ఎరిగిన వస్తువు. ఒకసారి గోడలో అమర్చితే ప్లానులో ఒక తీరున, ఎదుటి నుంచి చూసే ఎలివేషనులో మరొక తీరున అదే కనిపిస్తుంది. ఒకటికి నూరు స్కేలుకు నాలుగు గీతలు చాలు. ఒకటికి ఇరవై అయితే చట్రం, రెక్క, అద్దం విడివిడిగా తెలియాలి. కోతకు పైనున్న చట్రానికీ అద్దానికీ వేరువేరు మీటలున్నాయి. వాటిని వెలిగించి తెగుగీతలు నిర్ణయిస్తే, మాయమైన వెంటిలేటరు ప్లానులో ప్రత్యక్షమవుతుంది.

ఈ మార్పును మూడు అంతస్తులలో చేయవచ్చు: డ్రాయింగులోని కిటికీలన్నిటికీ, ఒక రకం కిటికీలకు, లేదా ఒకే ఒక్క కిటికీకి. కింది అంతస్తు ఆజ్ఞ పై అంతస్తు ఆజ్ఞను తోసిరాజంటుంది. తొందరలో ఒక్క కిటికీకి చేసిన మార్పు ఎవరికీ గుర్తుండదు. తరువాత ఆ రకమంతటినీ మార్చినా అది మాత్రం మాట వినదు. కాబట్టి వెంటిలేటర్లను ప్రత్యేక రకంగా నిర్వచించి, మార్పును ఆ రకానికే చేయడం మేలు.

మీట ఆర్పినంత మాత్రాన కిటికీ ఫైలులోంచి చెరిగిపోదు, కంటికి కనబడదంతే. అందుకే ప్లాను కాగితం మీదికి వచ్చాక కిటికీల పట్టికతోనూ, ఎలివేషనుతోనూ సంఖ్య సరిచూసుకోవడం ఉత్తమం. మేస్త్రీ చేతికి అందేది ఫైలు కాదు, కాగితం.