పంపువారిదే భారము

తెల్లని చొక్కాయ, మెడకు టై, రొమ్మున పేరు చెక్కిన నల్లని చిన్న బిళ్ల. ఈ వేషముతో ఇద్దరు యువకులు జంటగా నడచిపోవుట నేడు పెక్కు దేశముల వీథులలో కానవచ్చు దృశ్యము. వారిని చూచి కొందరు నవ్వుదురు. కొందరు తలుపు మూసికొందురు. కొందరు మతము మార్ప వచ్చిన శత్రువులని కోపింతురు. వారి మతస్థులు మాత్రము వీరే దేవుని సేనయని పొగడుదురు. నవ్వువారు గాని, కోపించువారు గాని, పొగడువారు గాని ఆ పిల్లవాడు నేటి యుదయమున నెన్నిగంటలకు లేచెనో, ఏమి తినెనో, తల్లితో మాటాడి యెన్నినాళ్లయ్యెనో యడుగరు. మేమీ వ్యాసమున నడుగబూనినది యిదియే. అడిగి యూరకొనక, దానికి ఉత్తరవాదు లెవ్వరో కూడ చెప్పదలచితిమి.

మేము చెప్పుచున్నది మార్మనులని లోకము పిలుచు యేసుక్రీస్తు కడవరిదిన పరిశుద్ధుల సంఘమువారిని గూర్చి. ఈ సంఘము 1830వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున పుట్టినది. ఇప్పుడు దాని ముఖ్యస్థానము యూటా రాష్ట్రమునందలి సాల్ట్‌లేకు నగరము. ఆ సంఘమున యువకులు రెండేండ్లును, యువతులు 18 నెలలును మతప్రచారసేవ చేయుదురు. పూర్వము యువకునకు 19, యువతికి 21 ఏండ్లు నిండవలసియుండెను. 2012లో ఆ వయస్సులను 18, 19గా తగ్గించిరి. 2025లో యువతులకును 18 ఏండ్లే చాలుననిరి. ఏ దేశమునకు పోవలయునో కోరుకొను హక్కు వారికి లేదు. పెద్దలు నిర్ణయించి తెలుపుదురు, పిల్లలు పోవుదురు. జీతము లేదు సరికదా, ధనికదేశముల కుటుంబములవారు 2020 జులై మొదలు నెలకు 500 డాలర్లు తామే చెల్లింపవలసియున్నది. ఎక్కడి మార్మనులు, మనకేమి సంబంధ మందురేమో. 2012లో హైదరాబాదున నీ సంఘమువారి ప్రాంతీయ సమాజ మేర్పడెను. భారతదేశమున నట్టిది అదియే మొదటిది. తెలుగు గృహములనుండియు పిల్ల లీ సేవకు పోవుచున్నారు.

ఇక వారి దినచర్య వినుడు. ఉదయము ఆరున్నరకు లేవవలయును. కొంత వ్యాయామము, స్నానము, తామే వండుకొన్న యాహారము. పిమ్మట గ్రంథపఠనము, మొదట ఒంటరిగను తరువాత తోడివానితోను. భాష నేర్చుకొనువారికి భాషాపాఠము. పదిగంటల ప్రాంతమున వీథిలోనికి పోవుదురు. కాలినడకనో సైకిలు మీదనో యూరెల్ల తిరిగి, రాత్రి తొమ్మిదింటికి గది చేరి, మరునాటి పని వ్రాసికొని, పదిన్నరకు దీప మార్పుదురు. 2017లో ఈ వేళలను దేశకాలములనుబట్టి సడలించుకొన ననుమతించిరి గాని క్రమము క్రమమే. సినిమాలు లేవు, ప్రణయప్రసంగములు లేవు. తోడివాడు ఎల్లప్పుడును కంటికి కనబడు దూరమున, మాట వినబడు దూరమున నుండవలయును. ఆ తోడివానిని తాము కోరుకొనరు. ఇంచుమించు ఆరువారముల కొకసారి మార్పులు జరుగును. ఎవడు ఏ యూరికి పోవలసివచ్చునో ఎవ్వరికిని తెలియదు. వారమున కొకదినము, సామాన్యముగ సోమవారము, బట్టలుతుకుకొనుటకును గది యూడ్చుకొనుటకును సరకులు తెచ్చుకొనుటకును ఇంటికి జాబు వ్రాయుటకును విడిచియుందురు.

ఇందు మెచ్చదగిన దేమియు లేదని మేమనము. అట్లనుట అన్యాయము. మన యిండ్లలో ఇరువదియేండ్ల కుమారుడు భోజనము చేసి లేచిన తరువాత కంచ మెవరెత్తుచున్నారు? తల్లి గాని, చెల్లెలు గాని, పనిమనిషి గాని. వాని చొక్కా ఎవరుతుకుచున్నారో, వాని పక్క యెవరు చుట్టుచున్నారో చదువరు లెఱుగనిది కాదు. ఆ వయస్సుననే యూటా రాష్ట్రపు రైతుబిడ్డ యొకడు ఫిలిప్పీనులకు పోయి, కొన్ని వారముల శిక్షణతో తగలోగు భాష మొదలుపెట్టి, తప్పులు పలికి నవ్వులపాలై, అంగడి స్త్రీలచే దిద్దించుకొని, ఆఱునెలలలో వారితో సుఖదుఃఖములు మాటాడగలవాడగుచున్నాడు. మనలో పదియేండ్లు పరరాష్ట్రమున నుద్యోగము చేసియు పాలవానితో ఆ యూరి భాషలో పదిమాటలాడలేనివారెందరో కలరు. తన బట్ట తానుతుకుకొనుట, తన కూడు తాను వండుకొనుట, తనది కాని భాషను వినయముతో నేర్చుట, ఈ మూడును ఏ మతమువానికైనను భూషణములే.

కాని యీ గుణములన్నిటికిని మూలము విధేయత. పదునెనిమిదేండ్ల పిల్లవాడు తనకున్న యుత్సాహమును, ఆరోగ్యమును, సిగ్గును, నమ్మకమును మూటగట్టి పెద్దల చేతులలో పెట్టుచున్నాడు. ఆ మూలధనమును వెచ్చించువారు పెద్దలు. కావున వెచ్చించిన విధమునకు లెక్క చెప్పవలసినవారును వారే. పిల్లవాని చిత్తశుద్ధి పెద్దల తప్పును కప్పదు. ఇది మా వాదము. దీనికి నిదర్శనములు ఆ సంఘచరిత్రలోనే కలవు.

1978 జూన్ వఱకు ఆ సంఘమున నల్లజాతి పురుషులకు యాజకత్వ మియ్యరాదను నియమ ముండెను. బ్రెజిలు దేశమున నెన్నో తరములనుండి పలుజాతుల రక్తము కలిసియున్నది. అక్కడికి పోయిన అమెరికా యువకుల కప్పగింపబడిన పని యేమనగా, తలుపు తీసినవారి ముఖకవళికలు చూచుట, ఇంటిలోని కుటుంబచిత్రములు పరీక్షించుట, తాతముత్తాతల వృత్తాంత మడుగుట, ఆఫ్రికా సంతతివారని తోచినచో మెల్లగా తప్పుకొనుట. ఇందులకై వంశమును గూర్చిన ప్రత్యేకపాఠమే యొకటి బోధించుచుండిరి. చదువరులారా, ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. పంక్తిలో కూర్చుండబోవువానిని "మీరెవరు?" అని మనవా రడిగెడి ప్రశ్నయే యది. దేవుని ప్రేమ చాటుటకై సముద్రములు దాటి వచ్చిన బాలుని నోట ఆ ప్రశ్న పెట్టిన వారెవరు? బాలుడు కాడు. 1978లో నియమము తొలగెను. ఆ నియమమును సమర్థించుటకు పూర్వము చెప్పిన హేతువులను తామిప్పు డంగీకరింపమని 2013లో ఆ సంఘమే ప్రకటించెను. సంతోషమే. కాని తప్పుకొనిపోయిన యా గుమ్మముల జ్ఞాపకము మోయుచున్నవారు నేడు ముసలివారైన నాటి బాలురు.

రెండవది లెక్కల పిచ్చి. 1960 ప్రాంతమున ఇంగ్లండున బేస్‌బాలు ఆటకని పిల్లలను పోగుచేసి, ఆ ఆటతోపాటే బాప్తిస్మము లిప్పించిన యుదంతము ఆ సంఘచరిత్రకారులే వ్రాసినది. తామేమి యొప్పుకొనుచున్నారో ఆ పిల్లలలో ననేకులకు తెలియదు. ఆ పేళ్లలో పెక్కింటిని పిమ్మట పుస్తకములనుండి కొట్టివేయవలసివచ్చెను. ఈ పని చేసినవారు ఇరువదియేండ్ల యువకులు; ఈ మాసమున నెందరని వారిని నిలదీసి యడిగినవారు పెద్దలు. ఆ సంఖ్యలకును యువకుల శ్రమకును గల సంబంధ మెంత స్వల్పమో వారి లెక్కలే చెప్పుచున్నవి. వయస్సు తగ్గించిన 2012వ సంవత్సరాంతమున ప్రచారకులు 59 వేలకు లోపు. మరుసటి సంవత్సరాంతమునకు 83 వేలకు మించిరి. అనగా నూటికి నలువదివంతులు పెరిగిరి. ఆ యేండ్లలో క్రొత్తగా చేరినవారో, 2 లక్షల 72 వేలనుండి 2 లక్షల 82 వేలకు మాత్రమే పెరిగిరి. అది నూటికి నాలుగువంతులు కూడ కాదు. ఐనను దినమెల్ల తిరిగి యొక్క తలుపును తెఱువబడక గది చేరిన బాలుడు, "నా భక్తి చాలలేదు కాబోలు" అని తన్ను తాను నిందించుకొనుచు నిద్రించును. అబద్ధపు అప్పును బిడ్డ తలమీద వ్రాయుట యనగా నిదియే.

మూడవది తల్లి మాట. 2019 ఫిబ్రవరి వఱకు ఆ పిల్లలు ఇంటివారితో టెలిఫోనులో మాటాడుటకు అనుమతి సంవత్సరమునకు రెండే సారులు: క్రిస్మసునాడును, మాతృదినమునాడును. మిగిలిన దినములలో వారమునకొక లేఖ. నాటినుండి వారమున కొకసారి మాటాడవచ్చునని సడలించిరి. మేమడుగుచున్నాము: 2019కి పూర్వము పోయినవారు తల్లి గొంతు వినకపోవుటచేత నెక్కువ భక్తులైరా? పిమ్మట పోయినవారు వినుటచేత భ్రష్టులైరా? అట్లు కానిచో, అంతకాలము ఆ తల్లులును బిడ్డలును అనుభవించిన వియోగ మెవరి ప్రయోజనమునకు? ఒక్క కలముపోటున తొలగింపగలిగిన బాధను దైవాజ్ఞవలె నన్నియేండ్లు నిలిపినవారు, తొలగించినందులకు స్తుతి కోరుటకు ముందు నిలిపినందులకు సమాధానము చెప్పవలయును.

"వారు స్వేచ్ఛగనే పోవుచున్నారు గదా" అని యొక ఆక్షేపణ కలదు. యువకులకిది విధియని ఆ సంఘమే బోధించుచున్నది. పసితనమునుండి "పెద్దయైన తరువాత పోవుదును" అని పాటలలో పలికించి, తండ్రియు అన్నయు పోయివచ్చిన యింట పెంచి, పోనివానిని వింతగా చూచు సమాజమున నిలిపి, పదునెనిమిదవయేట "నీ యిష్టము" అనుట స్వేచ్ఛ యగునా? వ్యాధిచేతనో మనోవ్యథచేతనో గడువునకు ముందే మరలివచ్చినవాని దెస చూడుడు. గుడిలో గుసగుసలు, బంధువుల జాలిచూపులు. యుద్ధమున గాయపడి వచ్చినవానికి గౌరవము, సేవలో గాయపడి వచ్చినవానికి సిగ్గు! "కష్టము లేక దార్ఢ్యము రాదు" అనునది రెండవ యాక్షేపణ. నిజమే. కాని పనిలోనే పుట్టిన కష్టము వేఱు, పెద్దలు పైనుండి చేర్చిన కష్టము వేఱు. ఎండలో నడచుట మొదటిది. ఏడ్పు వచ్చినపుడు తల్లిని పిలువరాదనుట రెండవది. మొదటిది మనిషిని గట్టిచేయును. రెండవది మౌనము నేర్పును.

పంపినవారి యాజ్ఞకంటె ఎదుటివారి యవసరము పెద్దదని గ్రహించిన యువతి యొకతె మన గుంటూరునకే వచ్చినది. అన్నా సారా కూగ్లరు 1883లో అమెరికా లూథరను సంఘముచే పంపబడి వచ్చునప్పటికి ఇరువదియేడేండ్లది. ఆమె వైద్యురాలు. కాని పంపిన పెద్దలు వైద్యసేవకు సిద్ధముగ లేక, స్త్రీలలో బోధనాదికార్యములకే నియమించిరి. పురుషవైద్యుని యెదుటికి రాజాలని స్త్రీలు ప్రసవవేదనలో నుండగా ఆమె పాఠములు చెప్పుచు కూర్చుండలేదు, మందులపెట్టె తెఱచెను. 1885లో పెద్దలు దారికివచ్చి ఆమెను వైద్యురాలిగ నియమించిరి. 1898లో స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి వెలసెను. ఎందరిని మతమున కలిపెనని గుంటూరులో నెవ్వరు నడుగరు. పంపువారి లెక్కపుస్తకమునకును లోకము జ్ఞాపకముంచుకొను పుస్తకమునకును గల భేద మిదియే.

ఇంతవఱకు పరుల గూర్చి వ్రాసితిమి. ఇక మన గడపవైపు చూచుకొనక తప్పదు. ర్యాంకుల పేర పదునాఱేండ్ల బిడ్డలను వసతికళాశాలలకు పంపుచున్నవారము మనము. తెల్లవాఱకముందే లేపుట, రాత్రివఱకు చదివించుట, తల్లితో మాటకు నియమితదినము, గోడమీద మార్కుల వరుస. మార్మనుబాలుడు పరుల గుమ్మమునకైనను పోవుచున్నాడు. మన బిడ్డ కాగితముదాటి పోవుట లేదు. 2019 ఫిబ్రవరిలో ఆ సంఘము తల్లి గొంతును బిడ్డలకు తిరిగియిచ్చెను. ఆ ఏప్రిల్‌లోనే తెలంగాణమున ఇంటరు ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి మించి విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. పంపువారిదే భార మను మాట మనకు వర్తింపదని యే ముఖముతో ననగలము?

కావున పంపువా రెవ్వరైనను, సంఘమైనను సంసారమైనను, మేము కోరునవి నాలుగు. బిడ్డ శ్రమను సంఖ్యలతో కొలువకుడు. ఇంటితో మాటాడుటను బహుమానముగ గాక హక్కుగ నుంచుడు. మధ్యలో మరలివచ్చినవానిని గడువు ముగించినవానితో సమముగ నాదరింపుడు. నోటితో చెప్పు సేవకు తగినంత చేతులతో చేయు సేవయు నేర్పుడు. ఇక గృహస్థులకు మా మనవి యొక్కటే. ఆ యిద్దరు యువకులు మీ గుమ్మమున నిలిచినచో వారి మతము మీకు సమ్మతము కానిచో కాదని స్పష్టముగ చెప్పుడు. అది మీ హక్కు. కాని చెప్పుటకు ముందు గ్రుక్కెడు మంచినీళ్లిచ్చి, "నాయనా, మీ యమ్మతో మాటాడి యెన్నాళ్లయినది?" అని యడుగుడు. ఆ ప్రశ్న నడుగవలసినవారు దూరదేశమున నున్నారు. వారడుగువఱకు మనమైన నడుగుదము.