దాచి మ్రింగవలసిన మందు

హెచ్.ఐ.వి. సోకినవారికి మన దేశమున ప్రభుత్వ వైద్యశాలలలో 2004 ఏప్రిల్ నుండి మందులు ఉచితముగ లభించుచున్నవి. నేడు పెక్కుమందికి దినమునకొక మాత్ర చాలును. ఎడతెగక వాడుచు, రక్తపరీక్షలో వైరసు కానరానంతగ తగ్గి నిలిచినవారినుండి శరీర సంబంధమువలన ఇతరులకు అది సోకదని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. నడుమ నడుమ మానుచుండినచో వైరసు మరల పెరుగును. వాడుచున్న మందునకు లొంగకపోవుటయు గలదు.

ఇంత మేలు చేయు మందును కొందరు మధ్యలో విడుచుటకు కారణమేమి? బద్ధకమని తీసివేయుట న్యాయము కాదు. వారు వ్యాధికంటె నలుగురి నోటికి ఎక్కువ వెరచుచున్నారు. తెలిసినవారి కంటబడుదుమను భయముతో సమీప కేంద్రమును విడిచి దూరపు పట్టణమునకు పోవువారికి ఒక దినపు కూలియు, బస్సు ఛార్జీయు నష్టము. పెండ్లికి చుట్టములు దిగిన యింట మందుసీసా బయటికి తీయుటకు చోటుండదు. ఉపవాస దినములలో మాత్ర తప్పును. ఒడలు కుదుటబడినంతనే 'ఇక మందేల' యనువారు గలరు. భర్తవలన సోకినను నింద భార్యపైననే పడుట మనమెరుగని సంగతి కాదు.

మన కుటుంబములలో దీనికి తోడు మరియొక చిక్కు గలదు. తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ సీమలలో తరతరములుగ నున్న మనకు స్థానిక భాష కొత్త కాదు. కాని తెలుగునాటినుండి తెచ్చుకొన్న కోడలికి అది వెంటనే పట్టుబడదు. ఆమె వైద్యశాలకు పోయినపుడు అత్తగారో, ఆడుబిడ్డయో దుబాసి. వారి యెదుట ఆమె తన రోగమును గూర్చి యేమి చెప్పగలదు? మాత్రలు తప్పినవని యెట్లు ఒప్పుకొనగలదు? తలయూపి యింటికి వచ్చును.

2018 సెప్టెంబరు 10న అమలులోనికి వచ్చిన చట్టము ఇట్టి రోగులపట్ల వివక్షను నిషేధించి, వారి గుట్టునకు రక్షణ కల్పించినది. అయినను చట్టము దుబాసిని పంపజాలదు. ఆ పని మనది. రెండు భాషలును వచ్చి, విన్నమాట కడుపులో దాచుకొనగల స్త్రీలను మన సంఘశాఖలు ఇందుకు సిద్ధపరుపవలెను. రోగి కోరిననే వారు తోడుపోవలెను. రోగి పేరు సంఘపు పుస్తకములకెక్కరాదు. 1097 సంఖ్యకు ఫోను చేసి ఉచితముగ సలహా పొందవచ్చునని కూడ అందరికి తెలుపవలెను.

గృహస్థులకు మా విన్నపమొకటి. ఒకే యింట నుండుటవలనను, కలిసి భుజించుటవలనను ఈ వ్యాధి సోకదు. మీ యింట నెవరైన ప్రతిదినము ఒక మాత్ర వేసికొనుచున్నచో, అది యేమి మాత్రయని ఆరా తీయక మంచినీళ్లందింపుడు.