“ఇంట్లో సార్‌ని పంపండి”

ఈ సంచిక సంపాదకీయం వేరే విషయం మీద రాయాలనుకున్నాను. కానీ రెండు నెలలుగా నన్ను వేధిస్తున్న ఒక వ్యవహారాన్ని సంఘం సమావేశం అయ్యాక స్నేహితులతో చెప్పుకుంటే, అక్కడున్న అందరి దగ్గరా అలాంటి అనుభవం ఒకటి ఉందని తెలిసింది. ఒకరిది స్కూటీ, ఒకరిది గ్రైండరు, ఇంకొకరిది కుట్టుమిషను. నాది కారు. అందరమూ “పోనీలే” అని వదిలేసినవాళ్ళమే. ఇంతమంది స్త్రీలు “పోనీలే” అనుకున్న విషయం చిన్నదై ఉండదు. అందుకే దీని గురించే రాస్తున్నాను.

జరిగింది ఇది. భీమవరం వైపు రొయ్యల ప్రాసెసింగ్ ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీలతో మాట్లాడటానికి రాజమండ్రి నుంచి తరచుగా వెళ్తుంటాను. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న చిన్న కారు నాది, నేనే నడుపుకుంటాను. వేసవిలో ఒకరోజు కొవ్వూరు వంతెన మీద బళ్ళ వెనక ఆగి ఉండగా ఇంజను వేడిని చూపించే ముల్లు పైకి లేచింది. నిడదవోలు దాటి వేగం అందుకోగానే దిగిపోయింది. తణుకు బజారులో మళ్ళీ లేచింది. తిరుగు ప్రయాణంలోనూ అంతే. ఆగితే లేవడం, కదిలితే దిగడం.

మర్నాడు ఊళ్ళో పేరున్న ఒక షెడ్డుకి తీసుకెళ్ళి ఇదంతా వివరంగా చెప్పాను. యజమాని విన్నట్టే ఉన్నాడు గానీ నావైపు చూడలేదు. బానెట్ ఎత్తి నిమిషంలో తేల్చేశాడు. “హెడ్ గాస్కెట్ పోయిందండి. హెడ్ దింపాలి.” ఎంతవుతుందని అడిగితే, ఎనిమిది వేల దాకా అవుతుందని, విప్పితే గానీ సరిగ్గా చెప్పలేనని అన్నాడు. ఆ తర్వాత అన్నాడు, “ఇంట్లో సార్‌ని ఓసారి పంపండి మేడమ్, వివరంగా చెప్తాను. పోనీ సార్ నంబరివ్వండి.” నేను నవ్వి ఊరుకున్నాను. అంతేకాదు, నంబరు కూడా ఇచ్చాను. ఇరవయ్యేళ్ళుగా స్త్రీల హక్కుల గురించి రాస్తున్నదాన్ని, మారు మాట్లాడకుండా నా భర్త ఫోన్ నంబరు చెప్పాను.

నాలుగు రోజుల్లో ఎనిమిది వేలు కాస్తా ఇరవైఏడు వేల అయిదువందలైంది. బిల్లు అడిగితే విడిభాగాల అట్టపెట్టె మూత చింపి, దాని మీద అంకెలు వేసి ఇచ్చారు. షెడ్డు పేరు లేదు, తేదీ లేదు, సంతకం లేదు. పాత సామాను చూపించమంటే “స్క్రాప్‌లో పడేశామండి” అన్నారు. సగం నగదు, సగం ఫోన్‌లో చెల్లించి బండి తెచ్చుకున్నాను.

రెండు వారాలు తిరక్కుండా అదే వంతెన మీద అదే ముల్లు మళ్ళీ లేచింది.

ఈసారి ధవళేశ్వరంలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన బానెట్ ఎత్తే ముందు ఒక ప్రశ్న వేశాడు. “ఎప్పుడు వేడెక్కుతోందమ్మా? ఆగినప్పుడా, పోతున్నప్పుడా?” నేను మొదటి షెడ్డులో ఎవరూ అడక్కుండానే చెప్పిన సంగతే అది. బండి పరుగులో ఉన్నప్పుడు ఎదురుగాలికి రేడియేటర్‌లో నీళ్ళు చల్లారతాయి. ఆగినప్పుడు ఆ పని ఫ్యాను చెయ్యాలి. ఫ్యాను తిరగడం లేదు. దానికి కరెంటు అందించే రిలే కాలిపోయింది. కొత్త రిలే, ఆయన కూలి కలిపి ఏడువందలు. హెడ్ గాస్కెట్ పోతే సాధారణంగా సైలెన్సర్ లోంచి తెల్లపొగ వస్తుందనీ, ఇంజన్ ఆయిల్ పాలు కలిసిన టీలా మారుతుందనీ, నా బండికి ఆ రెండూ లేవనీ చెప్పాడు. తర్వాత టార్చి వేసి ఇంజను అతుకు చూపించాడు. ఏళ్ళనాటి జిడ్డు పొడవునా చెక్కు చెదరకుండా ఉంది. అసలు హెడ్ దింపనేలేదు.

డబ్బు పోయినందుకు బాధ ఉంది. దానికంటే ఎక్కువగా బాధించింది వేరే ఉంది. జబ్బేమిటో తేల్చే కీలకమైన ఆధారం మొదటిరోజే నా నోట్లోంచి వచ్చింది. అది ఎవరికీ వినపడలేదు. నా కారు గురించి నా సాక్ష్యం చెల్లలేదు.

“ఆడవాళ్ళకి బళ్ళ గురించి తెలీదు కాబట్టి మోసపోతారు” అని అందరూ తేలిగ్గా అనేస్తారు. మగవాళ్ళలో మాత్రం హెడ్ గాస్కెట్ అంటే ఏమిటో ఎంతమందికి తెలుసు? తెలియకపోయినా వాళ్ళని తెలిసినవాళ్ళుగానే లెక్క కడతారు. మనకి తెలిసినా తెలియనట్టే లెక్క. అమెరికాలో ముగ్గురు పరిశోధకులు దీన్ని పరీక్షించి 2013లో ఫలితాలు వెలువరించారు. స్త్రీల చేతా పురుషుల చేతా రిపేరు షాపులకి ఫోన్లు చేయించి, ఒకే రకం కారుకి రేడియేటర్ మార్చడానికి ఎంతవుతుందని అడిగించారు. ధర గురించి తమకేమీ తెలియదని చెప్పినప్పుడు పురుషులకంటే స్త్రీలకి ఎక్కువ చెప్పారు. “ఇంత అవుతుందని విన్నాను” అంటూ ఒక అంకె చెప్పి అడిగినప్పుడు ఆ తేడా కనపడలేదు. అంటే మోసానికి ఆధారం మన అజ్ఞానం కాదు, మన అజ్ఞానం గురించి అవతలివాళ్ళకున్న నమ్మకం. ఒక్క అంకెతో దాన్ని కదిలించవచ్చు.

చదువుతున్న మీకు ఇది మరో గదిని గుర్తు చెయ్యవచ్చు. తెర చాటున మన శరీరాన్ని పరీక్షించి, “గర్భసంచి పాడైంది, తీసెయ్యాలి, మీ ఆయన్ని పిలవండి” అనే గది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అవన్నీ అనవసరమైన ఆపరేషన్లని నేననడం లేదు. కారూ శరీరమూ ఒకటి కాదు. ఒకదానికి విడిభాగాలు దొరుకుతాయి, రెండోదానికి దొరకవు. కానీ రెండు చోట్లా మాట తీరు ఒకటే. విప్పినవాళ్ళు చెప్పిందే నిజం, బాధ అనుభవిస్తున్న మనిషి చెప్పింది కాదు, నిర్ణయం ఇంట్లో మగవాడిది. షెడ్డులో “పోనీలే” అనడం అలవాటైన నోరు ఆ గదిలో మాత్రం ఎలా పెగులుతుంది?

ఇది చిన్న మెకానిక్కుల మీద కోపంతో రాస్తున్నది కాదు. నన్ను మోసం చేసింది ఒక మెకానిక్కయితే, ఆ మోసాన్ని బయటపెట్టింది మరో మెకానిక్కు. పైగా పెద్ద కంపెనీల తీరు వేరే కథ. అసలైన విడిభాగాలనూ, లోపాన్ని కనిపెట్టే పరికరాలనూ బయటి షెడ్లకి దొరకనివ్వనందుకు 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. పైన తాళం వేసి కూర్చున్నవాళ్ళుండగా కింద చెట్టు నీడన పానా పట్టుకున్న మనిషినొక్కణ్ణే దొంగ అనడం న్యాయం కాదు.

నాకు కారుంది, డాక్టరేట్ ఉంది, పోగొట్టుకున్నా తట్టుకునే జీతం ఉంది. రొయ్యల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసే ఒకామె, మోపెడ్ రిపేరుకి చెవి దుద్దులు తాకట్టు పెట్టానని నాతో చెప్పింది. బండి లేకపోతే పనికి వెళ్ళలేదు, పనికి వెళ్ళకపోతే కూలి లేదు. నాకు విసుగు తెప్పించిన మోసం ఆమె నెల బతుకునే తలకిందులు చేస్తుంది.

మనకి చట్టం లేదా అంటే ఉంది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం జిల్లా ఫోరంలోని ముగ్గురిలో ఒక స్త్రీ ఉండి తీరాలని ఆనాడే చెప్పింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు, 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం సేవాలోపం. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. ఫిర్యాదు రెండేళ్ళలోపు చెయ్యాలి. షాపు ఎక్కడున్నా మనం నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. బతుకుదెరువు కోసం స్వయంగా వాడుకునే వస్తువుని వ్యాపారం కింద లెక్కకట్టి ఫిర్యాదుని తోసిపుచ్చకూడదు. 1915 నంబరుకి ఫోన్ చేసి తెలుగులో చెప్పుకోవచ్చు.

ఇవన్నీ తెలిసి కూడా నా చేతిలో ఉన్నది అట్టముక్క. విద్యార్థులకి “విన్నది విన్నట్టు తేదీ వేసి రాసుకోండి” అని పాఠాలు చెప్పే నేను అంచనా కాగితం అడగలేదు, బిల్లు కోసం పట్టుబట్టలేదు. గట్టిగా అడిగితే గయ్యాళి అనుకుంటారేమోనన్న జంకు. మిగిలిన ఆధారాలు ఫోన్‌లో చెల్లించిన సగం డబ్బు రసీదు, ధవళేశ్వరంలో తీసిన ఫొటోలు, ఆ పెద్దాయన సంతకం పెట్టి ఇచ్చిన కాగితం. వాటితోనే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను.

జవాబు నాకు రాలేదు. నా భర్తకి ఫోన్ వచ్చింది. “అన్నగారూ, పన్నెండు వేలు వెనక్కిచ్చేస్తానండి, మేడమ్ గారికి మీరే కాస్త నచ్చచెప్పండి.” ఆయన ఆ మాట నాకు చేరవేసి, “తీసేసుకో, పోనీలే” అన్నారు. ఇంట్లో ఆ రాత్రి పెద్ద వాదనే జరిగింది. మర్నాడు ఆయనే షెడ్డుకి ఫోన్ చేసి, బండి ఆవిడది, మాట్లాడాల్సింది ఆవిడతోనే అని చెప్పారు. ఆ తర్వాత ఎవరూ ఫోన్ చెయ్యలేదు. కమిషన్‌కి ఫిర్యాదు రాసి సిద్ధం చేశాను, ఈ వారమే వేస్తున్నాను. గెలుస్తానో లేదో చెప్పలేను. ఆ అట్టముక్క కూడా జతచేస్తున్నాను.

తోడుగా మగవాణ్ణి తీసుకెళ్ళడం దీనికి పరిష్కారం కాదు. మనం తీసుకెళ్ళాల్సింది కాగితం, కలం. పని మొదలుపెట్టే ముందు అంచనా రాయించుకుందాం. అంతకు మించితే అడిగి చెయ్యమందాం. తీసేసిన పాత సామాను మన చేతికిమ్మందాం. తేదీతో బిల్లు తీసుకుందాం. వేరేచోట ధర వాకబు చేసి ఒక అంకెతో వెళ్దాం. “సార్‌ని పంపండి” అంటే “బండి నాది, నాకే చెప్పండి” అందాం. వచ్చే సమావేశానికి ధవళేశ్వరం పెద్దాయన వచ్చి బానెట్ ఎత్తి చూపిస్తానని మాటిచ్చాడు. స్కూటీ, మోపెడ్, కుట్టుమిషను ఉన్నవాళ్ళూ రండి. మీకు జరిగిన మోసాన్ని తేదీ, మొత్తం, అన్న మాటలతో సహా రాసి పంపండి. వచ్చే సంచికలో వాటికి చోటిస్తాం.