నేవీ తాళాలు ఎవరి చేతిలో? అమెరికా పాత బోర్డు నుంచి ఉస్మానీల ఖజానా మీదుగా ఢిల్లీ దాకా

2025 సెప్టెంబర్ 5న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఒక ఉత్తర్వుపై సంతకం చేశారు. అక్కడి రక్షణ శాఖను ఇకమీదట 'యుద్ధ శాఖ' అని కూడా పిలవొచ్చన్నది దాని సారాంశం. 'కూడా' అన్న మాట గమనించాలి. రక్షణ శాఖ అన్న పేరు చట్టంలో ఉంది. దాన్ని మార్చాలంటే అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, ఓటు వేయాలి. అధ్యక్షుడి సంతకం ఒక్కటే సరిపోదు. అందుకే ఉత్తర్వులో అది రెండో పేరుగానే మిగిలింది.

ఆ పేరు ఉన్న రోజుల్లోనే రెండు ప్రపంచ యుద్ధాలు గెలిచాం కదా అని ట్రంప్ వాదన. వినడానికి బాగానే ఉంది గానీ లెక్క సగమే కుదురుతుంది. పాత యుద్ధ శాఖ కింద ఉన్నది ఆర్మీ. నేవీ దాని కింద లేదు. 1798 నుంచి 1947 దాకా, అంటే 149 ఏళ్లు, అమెరికా నేవీకి వేరే శాఖ ఉంది, వేరే మంత్రి ఉన్నాడు, వేరే పద్దు ఉంది. 1942లో మిడ్‌వే దగ్గర జపాన్ విమానవాహక నౌకల్ని ముంచింది ఆ నేవీయే. యుద్ధ శాఖ మంత్రికి అందులో చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు.

ఇది చరిత్ర పరీక్షలో మార్కు కోసే చిన్న తప్పులా అనిపించొచ్చు. కానీ నేవీ ఎవరి కింద ఉండాలన్న ప్రశ్న వచ్చిన ప్రతిచోటా, దాని వెనకాల డబ్బు ప్రశ్న ఒకటి ఉంటుంది. సిపాయిల్ని కొన్ని నెలల్లో చేర్చుకోవచ్చు. యుద్ధనౌక అలా కాదు. ఈ రోజు సంతకం పెడితే అది నీళ్లలోకి దిగేది కొన్నేళ్ల తర్వాత. అప్పటికి సంతకం పెట్టిన మంత్రి ఆ కుర్చీలో ఉండడు. మధ్యలో నాలుగైదు బడ్జెట్లు దాటిపోతాయి. అన్నేళ్లు ఒకే ఖాతా పుస్తకం పట్టుకుని కూర్చునేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి. నేవీ మంత్రిత్వ శాఖలు చాలాచోట్ల పుట్టింది ఈ అవసరంలోంచే.

అల్జీర్స్‌కి కట్టిన కప్పం

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అమెరికాకి నేవీయే లేదు. 1789లో ఏర్పడిన యుద్ధ శాఖే సముద్రం సంగతి కూడా చూసుకోవాలి. ఈలోగా మధ్యధరా సముద్రంలో అల్జీర్స్ ఓడలు అమెరికా సరుకు ఓడల్ని పట్టుకుని నావికుల్ని బందీలుగా తీసుకెళ్లాయి. దాంతో 1794లో ఆరు ఫ్రిగేట్లు కట్టాలని కాంగ్రెస్ చట్టం చేసింది. ఓడలు తయారయ్యేలోపు బేరం కుదుర్చుకోక తప్పలేదు. 1795 ఒప్పందంలో అమెరికా అల్జీర్స్ పాలకుడు 'దే'కి భారీ మొత్తం చెల్లించి, ఏటా కప్పం కట్టడానికి ఒప్పుకుంది. ఆ ఒప్పందం రాసింది తుర్కీ భాషలో. ఈ రోజు ప్రపంచానికి షరతులు పెట్టే దేశం ఒకప్పుడు ఇలాంటి కాగితం మీద కూడా సంతకం చేసింది.

ఓడల పని మాత్రం నత్తనడక నడిచింది. ఖర్చు అంచనా దాటింది, గడువు దాటింది. యుద్ధ శాఖ మంత్రి జేమ్స్ మెక్‌హెన్రీ కాంగ్రెస్‌లో మాటలు పడ్డాడు. అప్పుడు ఫ్రాన్స్‌తో కూడా సముద్రం మీద గొడవ మొదలైంది. చివరికి 1798 ఏప్రిల్ 30న నేవీకి వేరే శాఖ పెట్టారు. మొదటి మంత్రిగా తెచ్చింది అడ్మిరల్‌ని కాదు, బెంజమిన్ స్టోడర్ట్ అనే వ్యాపారిని. కలప ఎక్కడ దొరుకుతుంది, కాంట్రాక్టు ఎలా రాయాలి, సరుకు ఎప్పటికి చేరుతుంది అన్నవి తెలిసిన మనిషి. నేవీ యార్డులకి పునాది వేసింది ఆయనే.

ఖలీజ్‌లో తుప్పు పట్టిన నౌకలు

ఆ అల్జీర్స్ నామమాత్రంగానైనా ఉస్మానీ సుల్తాన్ కింద ఉండేది. ఉస్మానీల నేవీ చరిత్ర మాత్రం దీనికి తలకిందులుగా నడిచింది.

పాత రోజుల్లో వాళ్లకి మంత్రిత్వ శాఖ లేదు. కపుదాన్ పాషా ఉండేవాడు. ఓడలు నడిపేది ఆయనే, షిప్‌యార్డు చూసేది ఆయనే, దర్బార్‌లో కూర్చునేదీ ఆయనే. ఖైరుద్దీన్ బర్బరోసా ఆ పదవిలో ఉండగానే 1538లో ప్రెవెజా దగ్గర క్రైస్తవ రాజ్యాల ఉమ్మడి నౌకాదళాన్ని ఓడించాడు. 1571లో లెపాంటో దగ్గర ఘోరంగా ఓడిపోయినా, ఆ ఒక్క చలికాలంలోనే కొత్త నౌకాదళాన్ని కట్టుకోగలిగారు. షిప్‌యార్డు, ఖజానా, హుకుం మూడూ ఒకచోట ఉండబట్టే అది కుదిరింది.

1867లో ఐరోపా పద్ధతిలో నేవీ మంత్రిత్వ శాఖ వచ్చింది. దాని పేరు 'బహ్రియే నెజారెతి'. ఉర్దూ వచ్చినవాళ్లకి బహర్ అంటే సముద్రమని చెప్పక్కర్లేదు. సుల్తాన్ అబ్దుల్ అజీజ్‌కి ఓడలంటే మోజు. ఇనుప కవచాల యుద్ధనౌకలు బ్రిటన్‌లో కట్టించాడు. సంఖ్యలో చూస్తే ప్రపంచంలోని పెద్ద నౌకాదళాల్లో అదొకటి అయ్యింది. కానీ ఆ కాలంలో ప్రభుత్వం నడిచింది విదేశీ అప్పుల మీద. 1875లో అప్పులు తీర్చలేమని ప్రకటించాల్సి వచ్చింది. 1881 నాటికి సామ్రాజ్యం ఆదాయంలో కొంత భాగాన్ని విదేశీ అప్పులవాళ్ల కమిటీయే నేరుగా వసూలు చేసుకునే స్థితి. మంత్రిత్వ శాఖ పెట్టారు, పదవులు ఇచ్చారు, దుస్తులు కుట్టించారు. ఓడ కొన్నాక ఏటా దాని మీద పెట్టాల్సిన ఖర్చుని మాత్రం ఎవరూ రాసుకోలేదు. ఈఎంఐ మీద పెద్ద కారు కొని, పెట్రోల్‌కి డబ్బుల్లేక ఇంటి ముందు నిలబెట్టుకున్నట్టు.

ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. 1876లో అబ్దుల్ అజీజ్‌ని గద్దె దించినప్పుడు దోల్మాబాహ్చే రాజభవనం ఎదుట సముద్రంలో యుద్ధనౌకలే కాపలా నిలబడ్డాయి. ఆ దృశ్యాన్ని ఆ ఏడాదే సుల్తాన్ అయిన అబ్దుల్ హమీద్ మర్చిపోలేదు. నౌకాదళాన్ని ఇస్తాంబుల్ మధ్యలోని హాలిచ్‌లో, అంటే మన భాషలో ఖలీజ్‌లో, ఏళ్ల తరబడి కట్టేసి ఉంచాడు. ఒకే మంత్రి రెండు దశాబ్దాలపాటు ఆ కుర్చీలో ఉన్నాడు. 1897లో గ్రీస్‌తో యుద్ధం వచ్చి ఓడల్ని బయటికి తీస్తే చాలావాటికి పోరాడే స్థితి లేదు. శాఖ ఉంది, మంత్రి ఉన్నాడు, జీతాలు అందుతున్నాయి. పని చేసే నేవీయే లేదు. అబ్దుల్ హమీద్‌ని అభిమానించేవాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు, అందుకు వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. కానీ ఈ ఒక్క పద్దులో ఆయన్ని వెనకేసుకురావడం కష్టం.

1909 తర్వాత జనం చందాలు వేసుకుని కొత్త ఓడల కోసం డబ్బు పోగుచేశారు. 'సుల్తాన్ ఉస్మాన్', 'రెషాదియే' అనే రెండు భారీ యుద్ధనౌకలు బ్రిటన్ షిప్‌యార్డుల్లో సిద్ధమయ్యాయి. 1914 ఆగస్టు మొదట్లో, యుద్ధం ముంగిట, బ్రిటన్ నేవీ మంత్రి విన్‌స్టన్ చర్చిల్ ఆ రెంటినీ స్వాధీనం చేసుకున్నాడు. తుర్కీ జనం దీన్ని నమ్మకద్రోహంగానే చూశారు. ఆ ఖాళీలోకి జర్మనీ వచ్చింది. తన రెండు ఓడల్ని ఉస్మానీ జెండా కింద పెట్టి, అడ్మిరల్‌ని కూడా తనవాణ్నే ఉంచింది. అప్పటి ఉస్మానీ నేవీ మంత్రి జెమాల్ పాషా. అక్టోబర్ 29న ఆ ఓడలు నల్ల సముద్రంలో రష్యా రేవుల మీద బాంబులు కురిపించాయి. సామ్రాజ్యం యుద్ధంలోకి దిగిపోయింది. మంత్రివర్గం మొత్తం కూర్చుని తీసుకున్న నిర్ణయం కాదది. ఆర్థిక మంత్రి జావిద్ బే రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఆ యుద్ధం ముగిశాక మన దేశంలో ఖిలాఫత్ ఉద్యమం ఎందుకు వచ్చిందో పాఠకులకి తెలుసు. దాని మొదళ్లలో ఒకటి ఆ రోజు పేలిన ఫిరంగుల్లో ఉంది.

రిపబ్లిక్ వచ్చాక 1924 చివర్లో తుర్కియే మళ్లీ నేవీ శాఖ పెట్టుకుంది. జర్మనీ ఇచ్చిన ఆ పెద్ద ఓడే, 'యవుజ్', మరమ్మతుకి వచ్చింది. కాంట్రాక్టు ఫ్రెంచి కంపెనీకి వెళ్లింది. అందులో లంచాల వ్యవహారం బయటపడి 1928లో నేవీ మంత్రి ఇహ్సాన్ బే ఉన్నత న్యాయపీఠం ముందు నిలబడి జైలుకెళ్లాడు. శాఖనే రద్దు చేసేశారు. ఒక ఓడ రిపేరు బిల్లు ఒక మంత్రిత్వ శాఖని మింగేసింది.

మిగతాచోట్ల ఏం జరిగింది

బ్రిటన్ అడ్మిరల్టీది అన్నిటికంటే పొడవైన చరిత్ర. 1660లో సామ్యూల్ పెపీస్ అనే గుమాస్తా నేవీ బోర్డులో చేరి సరుకుల ధరలు, కాంట్రాక్టర్ల మోసాలు లెక్కగట్టడం మొదలుపెట్టాడు. బ్రిటిష్ నేవీ బలం గురించి ఎన్ని కథలున్నా, ఆ గుమాస్తా లెక్కల పుస్తకాలకి ఇవ్వాల్సినంత పేరు ఇవ్వరు. 1964 ఏప్రిల్ 1న అడ్మిరల్టీ కూడా రక్షణ శాఖలో కలిసిపోయింది.

జపాన్‌ది హెచ్చరిక లాంటి కథ. అక్కడ 1872లో నేవీ శాఖ వచ్చింది. 1900 నుంచి, మధ్యలో కొన్నేళ్లు తప్పించి, సర్వీసులో ఉన్న అడ్మిరలే మంత్రి కావాలని నిబంధన. అంటే నేవీకి నచ్చకపోతే అడ్మిరల్‌ని ఇవ్వకుండా ప్రభుత్వాన్నే ఏర్పడకుండా ఆపొచ్చు. 1914లో కియోరా అనే నాయకుడికి సరిగ్గా ఇదే జరిగింది. మంత్రివర్గం నేవీకి యజమాని కావాల్సిన చోట నేవీయే మంత్రివర్గానికి యజమాని అయ్యింది. 1945 ఓటమి తర్వాతే ఆ శాఖ మూతపడింది.

అమెరికాలో విలీనం గొడవతోనే జరిగింది. 1947లో నేవీ మంత్రి జేమ్స్ ఫారెస్టల్ విలీనాన్ని గట్టిగా ఎదిరించాడు. చివరికి ఆయన్నే తొలి రక్షణ మంత్రిని చేశారు. ఆయన తర్వాత వచ్చిన లూయిస్ జాన్సన్ 1949 ఏప్రిల్‌లో, పని మొదలైన అయిదో రోజునే, కొత్త విమానవాహక నౌకని రద్దు చేశాడు. నేవీ మంత్రి జాన్ సలివాన్ రాజీనామా చేశాడు. ఎదురు మాట్లాడిన నేవీ అధిపతి డెన్‌ఫెల్డ్ పదవి పోయింది. అదే ఏడాది చట్టం మారి నేవీ మంత్రికి కేబినెట్ హోదా కూడా లేకుండా పోయింది. ఏడాది తిరక్కుండానే కొరియా యుద్ధం వచ్చి విమానవాహక నౌకలు ఎందుకు కావాలో చూపించింది.

ఢిల్లీలో రెండు బల్లలు

మన దేశానికి నేవీ మంత్రి ఎప్పుడూ లేడు. 1947 నుంచి ఒకే రక్షణ మంత్రి. నేవీకి తొలి భారతీయ అధిపతి వచ్చింది 1958లో, రాందాస్ కటారి. రిటైరయ్యాక ఆయన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ చైర్మన్‌గా కూడా పనిచేశారని హైదరాబాద్‌లో చాలామందికి తెలీదు.

వేరే శాఖ లేనంత మాత్రాన గొడవ లేదనుకోకూడదు. 1998 డిసెంబర్ 30న వాజ్‌పేయి ప్రభుత్వం నేవీ అధిపతి అడ్మిరల్ విష్ణు భగవత్‌ని పదవి నుంచి తొలగించింది. డిప్యూటీ చీఫ్ నియామకంలో ప్రభుత్వం మాట ఆయన అమలు చేయలేదన్నది కారణం. తప్పెవరిదన్నది వేరే చర్చ. ఆఖరి మాట మంత్రివర్గానిదే అన్నది మాత్రం ఆ రోజు తేలిపోయింది.

ఇప్పుడు నడుస్తున్న చర్చ థియేటర్ కమాండ్లది. 2020 జనవరి 1న చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవి వచ్చింది. రక్షణ శాఖ లోపలే సైనిక వ్యవహారాల విభాగం అని కొత్తది పెట్టి, మూడు దళాల్నీ దాని కిందికి తెచ్చారు. ఇక ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ బలగాల్ని ప్రాంతాలవారీగా కలిపి ఒక్కో ప్రాంతాన్ని ఒక్క కమాండర్ కింద పెట్టాలన్నది ఆలోచన. సముద్రానికి కూడా ఒక థియేటర్. అదే జరిగితే యుద్ధం నడిపేది థియేటర్ కమాండర్. నేవీ చీఫ్ పని మనుషుల్ని తయారుచేయడం, ఓడల్ని సిద్ధంగా ఉంచడం. ఎయిర్‌ఫోర్స్ నుంచి అభ్యంతరాలు బహిరంగంగానే వినిపించాయి.

టీవీ చర్చల్లో ఎవరికి సెల్యూట్ కొట్టాలన్నదే పెద్ద విషయం. అసలు చూడాల్సింది ఇంకోటి. 2025-26లో రక్షణ శాఖ మొత్తం పద్దు 6.81 లక్షల కోట్ల రూపాయలు. మూడు దళాల్లో ఆర్మీ వాటా పెద్దది, నేవీది చాలా ఏళ్లుగా చిన్నది. యుద్ధం చేసే బాధ్యత ఒకరిది, కొత్త ఓడ అడిగే బాధ్యత ఇంకొకరిది అయినప్పుడు, ఓడ రాకపోతే పార్లమెంటు ఎవర్ని నిలదీయాలి? విక్రమాదిత్య సంగతే తీసుకోండి. 2004లో మరమ్మతుకి 974 మిలియన్ డాలర్లకి ఒప్పందం. తర్వాత అది 2.3 బిలియన్ దాటింది. కాగ్ నివేదికలో అక్షింతలు పడ్డాయి. ఓడ చేతికొచ్చింది 2013లో. ఈ మధ్యలో రక్షణ మంత్రులూ మారారు, నేవీ చీఫ్‌లూ మారారు.

విశాఖ వాళ్లకి ఇది దూరపు సంగతి కాదు. తూర్పు నౌకాదళ కేంద్రం అక్కడే ఉంది. హిందుస్తాన్ షిప్‌యార్డు చాలాకాలం నౌకారవాణా శాఖ కింద సరుకు ఓడలు కట్టుకుంటూ, నష్టాలు మోసుకుంటూ ఉండేది. 2010లో దాన్ని రక్షణ శాఖకి అప్పగించారు. గేటు అదే, డాక్ అదే, ఫైలు వెళ్లే ఆఫీసు మారింది. 2023 ఆగస్టులో నేవీకి అయిదు సహాయక నౌకలు కట్టే సుమారు 19,000 కోట్ల ఆర్డరు దానికి దక్కింది. వెల్డింగ్ పనిలో, కాంట్రాక్టు లేబర్‌లో, చుట్టుపక్కల చిన్న వర్క్‌షాపుల్లో ఉన్నవాళ్లకి అది ఏళ్ల తరబడి పని.

2020లో పని పంచినప్పుడు ఒక గీత గీశారు. దళాలకి సంబంధించిన రోజువారీ కొనుగోళ్లు చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ ఉన్న విభాగం చూస్తుంది. కొత్త ఓడల్లాంటి మూలధన కొనుగోళ్లు మాత్రం ఐఏఎస్ అధికారి అయిన రక్షణ కార్యదర్శి బల్ల మీదే ఉండిపోయాయి. థియేటర్ కమాండ్లు వచ్చినా రాకపోయినా, ఆ గీత జరిగే వరకు విశాఖ ఓడల డబ్బు కదిలేది ఈ రెండో బల్ల మీద నుంచే.