జట్టు తర్వాత, ముందు గ్రౌండు చూపించండి

మాది కర్నూలు. కడపలో ఉండే మా అక్క కూతురు దసరా సెలవులకు వస్తూ బట్టల బ్యాగుతో పాటు హాకీ స్టిక్కు కూడా మోసుకొచ్చింది. "ఆడపిల్లకు ఆ కట్టె యాలమ్మే?" అని మా అమ్మ గొణిగింది. అదేమీ పట్టించుకోకుండా ఆ పిల్ల, "చిన్నమ్మా, హాకీ లీగులో మన సీమ టీం ఎప్పుడొస్తాది?" అని నన్నడిగింది. నవ్వేశాను. తర్వాత ఆలోచిస్తే అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదనిపించింది.

2013లో హాకీ ఇండియా లీగు మొదలైనప్పుడు అది మగవాళ్లకే. 2017 తర్వాత ఆగిపోయి, 2024 డిసెంబరులో మళ్లీ మొదలైంది. ఆడవాళ్ల లీగు తొలిసారి జరిగింది 2025 జనవరిలో. ఆ ఏడాది మగవాళ్లకు ఎనిమిది జట్లు, మనకు నాలుగు. గెలిచిన మగవాళ్లకు 3 కోట్లు, ఆడవాళ్లకు కోటిన్నర. మగవాళ్ల పోటీలో హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్లింది. ఆడవాళ్ల జట్లలో తెలుగు ఊరి పేరున్నది ఒక్కటీ లేదు.

మరి కొత్త జట్టు ఎక్కడికి రావచ్చు? కొనేది కంపెనీలు కాబట్టి పెద్ద ఊళ్లనే చూస్తాయని అనుకుంటాం. కానీ ఆ తొలి ఏడాది ఆడవాళ్ల మ్యాచులన్నీ ముంబైలోనో బెంగళూరులోనో కాదు, రాంచీలో జరిగాయి. ఆ జార్ఖండ్ పల్లెల నుంచే సలీమా టేటే, నిక్కీ ప్రధాన్ లాంటివాళ్లు వచ్చి దేశం తరఫున ఆడారు. అంటే అక్కడ ముందు అమ్మాయిలు ఆడారు, తర్వాత లీగు వచ్చింది.

మన సీమలో ఆడేవాళ్లు లేరా? చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన ఎతిమరపు రజని 2022 కామన్వెల్త్ క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టులో గోల్‌కీపరు. లేనిది ఆడేవాళ్లు కాదు, ఆడుకునే చోటు. 1976 నుంచి ఒలింపిక్స్‌లో హాకీ టర్ఫ్ మీదే ఆడుతున్నారు. మా పిల్ల నేర్చుకునేది మాత్రం రాళ్లేరిన మట్టిలో. అక్కడ బంతి ఎటు ఎగురుతుందో దానికే తెలీదు. అలా నేర్చిన పిల్ల టర్ఫ్ మీద వేగాన్ని ఒక్కరోజులో ఎట్లా అందుకుంటుంది?

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. పెద్ద పోటీల టర్ఫ్‌ను ఆటకు ముందు నీళ్లతో తడపాలి. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే మనకు ఆ మాట వింటేనే గుండె గుభేలుమంటుంది. అయితే నీళ్లు అక్కర్లేని టర్ఫ్ కోసం అంతర్జాతీయ హాకీ సమాఖ్యే ప్రయత్నిస్తోంది. అలాంటిది ముందుగా రావలసింది మన కర్నూలు, కడపల్లాంటి చోట్లకే కదా!

గ్రౌండంటే టర్ఫ్ ఒక్కటే కాదండీ. బట్టలు మార్చుకునే గది, శుభ్రమైన బాత్రూం, సాయంత్రం లైట్లు, ఇంటికి చేర్చే బస్సు. ఇవి లేకనే తొమ్మిదో తరగతికొచ్చేసరికి ఎంతమంది తల్లులం "ఇంక చాల్లేమ్మా" అనలేదు? తప్పు పిల్లలదీ కాదు, పూర్తిగా మనదీ కాదు. కానీ అడగకపోవడం మాత్రం మన తప్పే. ఓట్లకొచ్చే నాయకుణ్ణి రోడ్డు అడుగుతాం, కొళాయి అడుగుతాం. ఆడపిల్లలకో గ్రౌండు కూడా అడుగుదాం.

లీగు మన ఊరికి రావడానికి పదేళ్లు పట్టినా పట్టొచ్చు. మా పిల్లకు ఇప్పుడు పదమూడు. ఆ వయసు మాత్రం పదేళ్లు ఆగదు.