మందు వెల, దేశపు టెల్ల

సుంకములు, పేటెంటులు, పరదేశపు కంపెనీల వ్యాజ్యములు పురుషులు చదువుకొను సంగతులని మన సోదరీమణులు పలువురు తలంచుచుందురు. కాని యింటిలో నొకరికి పెద్దజబ్బు వచ్చినప్పుడు మొట్టమొదట పెట్టెనుండి బయటికి వచ్చునది గృహిణి నగయే గదా! కావున ఈ మాసమున మేమీ విషయమునే ముచ్చటింప దలచితిమి.

కాలేయమునకును మూత్రపిండమునకును వచ్చు క్యాన్సరు ముదిరినపుడు వైద్యులిచ్చు మందులలో సొరాఫెనిబ్ అనునది యొకటి. జర్మనీదేశపు బేయర్ కంపెనీవారు దానిని నెక్సావర్ అను పేర నమ్ముచుండిరి. 2008లో వారికి మన దేశమున దానిపై పేటెంటు లభించెను. అనగా, వారి యనుమతి లేక మరియొకరెవ్వరు నా మందును చేయగూడదని ప్రభుత్వము కొన్నియేండ్ల కిచ్చిన హక్కు. 120 మాత్రల వెల సుమారు 2,80,000 రూపాయలు. ఇది యేడాది వెల కాదు, ఒక్క నెలది! ఆ మందు రోగమును కుదుర్చునదియు గాదు, ఆయువును కొంత పొడిగించునది. ఇల్లమ్మినను ఎన్నినెలలకు చాలును?

హైదరాబాదునందలి నాట్కో కంపెనీవారు అదే మందును నెలకు 8,880 రూపాయలకు అమ్మగలమనిరి. మొదట బేయరువారినే యనుమతి యడిగిరి, వారు కాదనిరి. అంతట 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలరు నాట్కోవారికి నిర్బంధ లైసెన్సు నిచ్చెను. మన దేశమున అట్టిది అదియే మొదటిది. మందు కావలసిన రోగులలో నూటికి రమారమి ఇద్దరికే యందుచున్నదనియు, వెల జనుల శక్తికి మించినదనియు, మందును ఇచ్చట తయారుచేయక పరదేశమునుండి దెచ్చి యమ్ముచున్నారనియు ఆయన చూపిన కారణములు. అమ్మకముపై నూటికి 6 వంతులు బేయరువారికి చెల్లింపవలెననియు, ఏటేట 600 మంది పేదలకు మందు ఊరకే ఈయవలెననియు నియమించెను. 2013లో అప్పీలున ఆ 6 వంతులు 7 అయ్యెను. 2014 డిసెంబరులో సుప్రీముకోర్టు బేయరువారి విన్నపమును త్రోసివేసెను.

ఇది రోగుల రక్షణము కాదు, స్వదేశపు వర్తకుల రక్షణమే యని విదేశములలో గొప్ప గగ్గోలు పుట్టెను. మూడవ కారణమును బట్టి చూచిన ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. మాత్ర జర్మనీలో చేసినదో, మన యూర చేసినదో మంచమునందున్న తల్లికేమి పని? అప్పీలు విన్నవారును దిగుమతి మాత్రమే యొక్కొక్కచో చాలవచ్చునని యా కారణమును సడలించిరి. కాని తక్కిన రెండును గట్టివి. క్రొత్తమందును కనిపెట్టుటకు ఏండ్లును ధనమును వ్యయమగునని కంపెనీలవారు చెప్పుదురు. అది యబద్ధము కాదు. అయితే నూర్గురిలో ఇద్దరు మాత్రమే కొనగల మందువలన ఆ పరిశోధనకు మాత్రము మన దేశమునుండి పోవున దెంత?

మన 1970 నాటి చట్టము మందులకు గాక, వానిని చేయు విధానమునకే పేటెంటు నిచ్చెడిది. ఆ నీడనే మన మందుల కంపెనీలు పెరిగినవి. హైదరాబాదునందలి ప్రభుత్వపు ఐ.డి.పి.ఎల్. కర్మాగారమున పనిచేసిన అంజిరెడ్డిగారు పిదప 1984లో సొంత కంపెనీని స్థాపించుట మన వారెరిగినదే. ప్రపంచవాణిజ్య సంస్థ యొడంబడికను బట్టి 2005లో మందులకే మరల పేటెంటు వచ్చెను; నిర్బంధ లైసెన్సను తలుపు మాత్రము చట్టమున మిగిలినది.

ఆ తలుపు తెరచుటయు సులువు కాదు. థాయిలాండు ప్రభుత్వము 2006, 2007 సంవత్సరములలో ఎయిడ్సు మందులకును గుండెజబ్బు మందునకును ఇట్టి లైసెన్సుల నిచ్చెను. అబాట్ కంపెనీవారు కోపించి, ఆ దేశమున తమ క్రొత్తమందుల రిజిస్ట్రేషను దరఖాస్తులను వెనుకకు దీసికొనిరి. అందు వేడికి చెడని యెయిడ్సు మాత్ర యొకటి. ఆ యెండలదేశమునకు కావలసినది సరిగా నదియే!

సొరాఫెనిబ్ పేటెంటు 2020లో ముగిసినది. ఇప్పుడు దానిని పలు కంపెనీలు చేయుచున్నవి. మీ యింట నెవరికైన వెలగల మందు వ్రాసినచో, చీటిలోని వ్యాపారనామమును చూచి బెదరక, మందు అసలు పేరేమి, దాని పేటెంటు తీరినదా, అదే మందు మరియొకరు చేయుచున్నారా యని వైద్యుని నిస్సంకోచముగా అడుగుడు. నగలపెట్టె తాళము ఆ తరువాత తీయవచ్చును.